కారులో చల్లదనము: ఇంటివద్ద కంప్రెసరును మార్చుట

వేసవికాలమున మట్టికుండలోని నీరు చల్లబడుటకు కారణము ఉన్నత పాఠశాల విద్యార్థులందరకు తెలిసినదే. కుండ గోడలోని సన్నని రంధ్రముల గుండ నీరు బయటికి ఊరి ఆవిరియగును. ద్రవము ఆవిరిగా మారుటకు ఉష్ణము కావలెను. ఆ ఉష్ణమును అది కుండనుండియు, లోపల మిగిలిన నీటినుండియు తీసికొనును. అందుచే నీరు చల్లబడును. అరచేతిలో స్పిరిటు చుక్క వేసికొనిన చల్లగా తోచుటయు ఇందువలననే.

రోహిణీకార్తె ఎండలో నిలిపిన కారును కొలది నిమిషములలో చల్లబరచు యంత్రము కూడ కుండ చేయు పనినే చేయుచున్నది. భేదము ఒక్కటే. కుండనుండి పోయిన ఆవిరి మరల రాదు, కుండను నింపుచుండవలెను. కారులోనో, ఆవిరిని పోనీయక పట్టి, నొక్కి, మరల ద్రవముగా మార్చి, అదే పదార్థమును సంవత్సరముల తరబడి వాడుకొందురు. ఆవిరిని పట్టి నొక్కు భాగమునకే కంప్రెసరు అని పేరు.

కొన్నియేండ్ల వాడుక తరువాత ఈ కంప్రెసరు పాడగుట కలదు. మన దేశమున అట్టి కారును మెకానిక్కు వద్దకు పంపుటయే వాడుక. అమెరికా సంయుక్త రాష్ట్రములలో కూలి ఖరీదెక్కువ. అందుచే అక్కడ కారు స్వంతదారులు పలువురు తమ ఇంటి షెడ్డులోనే దీనిని మార్చుకొందురు. ఇంజను ప్రక్కన మూడు నాలుగు బోల్టులతో బిగించిన యంత్రము నొకదానిని ఊడదీసి, దాని చోట క్రొత్తది పెట్టుట చూచుటకు సులభమైన పనియే. అయినను ఇట్లు మార్చిన కంప్రెసరులు కొన్ని నెలలు తిరుగకముందే మరల పాడగుట కలదు. సాధారణముగా దీనికి కారణము బోల్టులు కాదు. గొట్టముల లోపల దాగియుండు నాలుగు వస్తువులను, అనగా గ్యాసు, నూనె, గాలి, నీటియావిరి అను వానిని, లెక్కలోనికి తీసికొనకపోవుటయే కారణము. ఈ నాలుగింటిని గ్రహించినవాడు ఏ పనిని తాను చేయవచ్చునో, ఏ పనిని పనిముట్లున్నవారికి విడువవలెనో తెలిసికొనగలడు.

చల్లదనము పుట్టు విధము

కారులోని శీతలీకరణ ఏర్పాటు నాలుగు ముఖ్య భాగములుగల మూసిన చుట్టు. కంప్రెసరు, కండెన్సరు, ఎక్స్‌పాన్షన్ వాల్వు, ఇవాపొరేటరు అనునవి ఆ భాగములు. మెకానిక్కులు ఇవాపొరేటరును కూలింగ్ కాయిల్ అందురు. ఈ చుట్టులో తిరుగు పదార్థమును వాడుకలో గ్యాసు అందురు. 1990 తరువాతి దశాబ్దములలో చాల కార్లలో వాడబడినది ఆర్-134ఎ అను పదార్థము. దీని రసాయన నామము టెట్రాఫ్లోరో ఈథేన్. నీరు 100 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద మరుగునట్లు, ఇది మామూలు వాతావరణ పీడనమున సున్నకు దిగువ 26 డిగ్రీల వద్దనే మరుగును.

పీడనము పెరిగినకొలది మరుగు ఉష్ణోగ్రత కూడ పెరుగును. ఆర్-134ఎ సుమారు 3 వాతావరణముల పీడనములో 0 డిగ్రీల వద్దను, 13 వాతావరణముల పీడనములో 50 డిగ్రీల వద్దను మరుగును. యంత్రముయొక్క రహస్యమంతయు ఈ రెండు అంకెలలోనే యున్నది. కారులోపలి ఇవాపొరేటరులో పీడనము తక్కువగా నుంచిన యెడల, ద్రవము మంచువంటి చల్లదనము వద్దనే మరిగి, కారులోని గాలినుండి ఉష్ణమును పీల్చును. కారు ముందుభాగమున నున్న కండెన్సరులో పీడనము ఎక్కువగా నుంచిన యెడల, అదే ఆవిరి 50 డిగ్రీలకు పైనున్నప్పుడే ద్రవముగా మారుచు, తాను తెచ్చిన ఉష్ణమును బయటి గాలికి విడుచును. బయటి గాలి 42 డిగ్రీల వేడితో నున్నను, 55 డిగ్రీల కండెన్సరుకంటె అది చల్లనిదే గదా! ఉష్ణము వేడి వస్తువునుండి చల్లని వస్తువునకే ప్రవహించును అను నియమమునకు ఇచ్చట ఎట్టి భంగమును లేదు.

తక్కువ పీడనముగల ఆవిరిని ఎక్కువ పీడనమునకు ఎత్తునది కంప్రెసరు. ఎక్కువ పీడనముగల ద్రవమును సన్నని ద్వారముగుండ తక్కువ పీడనములోనికి వదలునది ఎక్స్‌పాన్షన్ వాల్వు. ఈ రెండును చుట్టును రెండు భాగములుగా విడదీయుచున్నవి.

ఎంత పదార్థము తిరుగునో లెక్క వేసి చూడవచ్చును. 0 డిగ్రీల వద్ద ఒక గ్రాము ఆర్-134ఎ పూర్తిగా ఆవిరియగుటకు సుమారు 200 జౌలుల ఉష్ణము కావలెను. కాని వాల్వును దాటునపుడే ద్రవములో కొంత భాగము ఆవిరియై మిగిలినదానిని చల్లబరచును. కనుక కారును చల్లబరచుటకు గ్రాము ఒక్కింటికి మిగులునది 140 జౌలులని అనుకొందము. 4 కిలోవాట్ల చల్లదనమునిచ్చు ఏర్పాటును తీసికొనిన, సెకనుకు 4,000 జౌలుల ఉష్ణమును తొలగింపవలెను. అనగా సెకనుకు సుమారు 29 గ్రాముల ద్రవము ఆవిరి కావలెను. చుట్టులోనున్న గ్యాసు మొత్తము 500 గ్రాములైనచో, అది ఇంచుమించు 17 సెకనులకొకసారి చుట్టివచ్చును. అరకిలో పదార్థము గంటకు నూరు కిలోల పనిని చేయుచున్నదన్నమాట.

కంప్రెసరు స్వరూపము

కార్లలో ఈ ఏర్పాటును మొదట విక్రయించినది అమెరికాలోని ప్యాకార్డు కంపెనీ. అది 1939లో జరిగినది. ఆనాటి కంప్రెసరునకు క్లచ్ లేదు. చల్లదనము వలదనుకొనినచో ఇంజను ఆపి, బానెట్టు ఎత్తి, బెల్టును చేతితో తీసివేయవలసి యుండెను. తరువాతి కాలపు కంప్రెసరులలో ఆ పనిని విద్యుదయస్కాంత క్లచ్ చేయుచున్నది. ఇంజను నడచునంతసేపు బెల్టువలన కప్పీ తిరుగుచునే యుండును. మీట నొక్కినపుడు తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించి, ఇనుప పలకను కప్పీవైపునకు లాగును. అప్పుడు కంప్రెసరు ఇరుసు తిరుగనారంభించును. పలకకు, కప్పీకి మధ్య నుండవలసిన ఎడము అర మిల్లీమీటరు ప్రాంతము మాత్రమే. వాడుకలో అరిగి ఈ ఎడము పెరిగినచో అయస్కాంతము పలకను లాగలేదు. ఇటీవలి కార్లలో కొన్నింటికి క్లచ్ ఉండదు. ఆ కంప్రెసరులు నిరంతరము తిరుగుచు, ముషలకముల కదలిక దూరమును మాత్రము తగ్గించుకొనును లేదా పెంచుకొనును.

చాల కంప్రెసరులలో ఇరుసుపై వాలుగా బిగించిన పళ్ళెమొకటి యుండును. ఇరుసు తిరిగినపుడు ఆ పళ్ళెము ఊగుచు, చుట్టునున్న ముషలకములను ముందునకు వెనుకకు నెట్టును. ఈ కదలికకు నూనె అత్యవసరము. కాని ఇంజనుకువలె కంప్రెసరునకు ప్రత్యేకమైన నూనె తొట్టి సాధారణముగా నుండదు. గ్యాసుతో కలిసి చుట్టంతయు తిరుగు నూనెయే మరల వచ్చి ముషలకములను తడుపును. కనుక గ్యాసు కారిపోయి ప్రవాహము తగ్గినచో నూనె కూడ తిరిగిరాదు. గ్యాసు చాలకుండ నడిపిన కంప్రెసరు ఎండిపోయి చెడుటకు ఇదియే కారణము.

నిజముగా కంప్రెసరే పాడైనదా?

చల్లదనము తగ్గినంత మాత్రమున కంప్రెసరును నిందింపరాదు. ఫ్యూజు పోవుట, రిలే చెడుట, బెల్టు జారుట, క్లచ్ ఎడము పెరుగుట, గ్యాసు కారిపోవుట మొదలగు చిన్న కారణములు పెక్కు కలవు. గ్యాసు మరీ తక్కువైనపుడు పీడన మీట క్లచ్‌నకు విద్యుత్తును ఆపివేయును. ఇది కంప్రెసరును కాపాడుటకు చేసిన ఏర్పాటు. దీనినెరుగక, క్లచ్ పట్టుటలేదని కంప్రెసరును మార్చువారు కలరు. ముందుగా క్లచ్ తీగలలో 12 వోల్టుల విద్యుత్తు వచ్చుచున్నదో లేదో చూడవలెను. విద్యుత్తు వచ్చుచుండియు క్లచ్ పట్టకున్నను, పట్టినపుడు గరగర శబ్దము వచ్చుచున్నను, ఇరుసు చేతికి తిరుగక బిగిసిపోయినను, ముందు ముద్రనుండి నూనె కారుచున్నను, దోషము కంప్రెసరుదో దాని క్లచ్‌దో యని తలపవచ్చును.

ఇచ్చట పీడనపు గేజి చెప్పు మాటను సరిగా అర్థము చేసికొనవలెను. ఇంజను ఆపి చాలసేపైన కారులో, 30 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద, గేజి సుమారు ఆరున్నర వాతావరణములు చూపును. చుట్టులో 200 గ్రాముల గ్యాసున్నను, 500 గ్రాములున్నను ఈ అంకె మారదు. మూసిన పాత్రలో కొంచెము ద్రవము మిగిలియున్నంతవరకు, దానిపైనున్న ఆవిరి పీడనము ఉష్ణోగ్రతపైననే ఆధారపడును గాని ద్రవపు పరిమాణముపై ఆధారపడదు. దీనినే సంతృప్త బాష్పపీడనము అందురు. వంటగ్యాసు సిలిండరు నిండుగా నున్నను, సగమున్నను మంట ఒకే తీరుగ నుండుటకు కారణమిదియే. కనుక గేజి సున్న చూపిన గ్యాసు పోయినదని చెప్పవచ్చును. అది ఆరున్నర చూపినంత మాత్రమున గ్యాసు సరిపడనున్నదని చెప్పరాదు.

గ్యాసును గాలిలోనికి వదలరాదు

కంప్రెసరును విప్పుటకు ముందు చుట్టులోని గ్యాసును తీసివేయవలెను. గొట్టము వదులు చేసినచో అది బుస్సుమని పోవును. ఒక నిమిషములో పని ముగియును. కాని ఇది చేయరాని పని. దీని వెనుక కొంత చరిత్ర యున్నది.

పూర్వము కార్లలో ఆర్-12 అను క్లోరిన్‌గల గ్యాసును వాడెడివారు. అది మండదు, విషము కాదు, వాసన లేదు; కనుక దానిని ఆదర్శ పదార్థమని తలచిరి. 1974లో మొలీనా, రౌలండ్ అను శాస్త్రజ్ఞులు, ఇట్టి పదార్థములు నశింపక ఆకాశపు పై పొరలకు చేరి, సూర్యకిరణములచే విడిపోయి, వానిలోని క్లోరిన్ ఓజోను పొరను నాశనము చేయునని చూపిరి. మరుసటి సంవత్సరమే, భారతదేశమున జన్మించిన వీరభద్రన్ రామనాథన్ ఈ పదార్థములు భూమి వేడిని పట్టియుంచుటలో కార్బన్ డై ఆక్సైడుకంటె మిక్కిలి శక్తిగలవని వెల్లడించెను. 1985లో దక్షిణ ధ్రువముపై ఓజోను పొర పలుచబడినట్లు బ్రిటిషు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. 1987 సెప్టెంబరులో మాంట్రియల్ ఒడంబడిక జరిగినది. ఆ తరువాత కార్లలో ఆర్-12 స్థానమున ఆర్-134ఎ వచ్చినది.

ఆర్-134ఎలో క్లోరిన్ లేదు. కావున అది ఓజోనుకు కీడు చేయదు. కాని రెండవ దోషము దానికిని కలదు. నూరేండ్ల కాలములో లెక్కించిన, ఒక కిలో ఆర్-134ఎ 1,430 కిలోల కార్బన్ డై ఆక్సైడుతో సమానముగా భూమిని వేడిచేయునని 2007లో వెలువడిన అంతర్జాతీయ నివేదికలో కలదు. ఈ లెక్కన 500 గ్రాములు వదలుట 715 కిలోల కార్బన్ డై ఆక్సైడును వదలుటతో సమానము. ఒక లీటరు పెట్రోలు కాలిన సుమారు 2.3 కిలోల కార్బన్ డై ఆక్సైడు పుట్టును. అనగా గొట్టము వదులు చేసిన ఆ ఒక్క నిమిషపు ఫలము 310 లీటర్ల పెట్రోలును కాల్చిన ఫలమునకు సమానము. లీటరుకు 15 కిలోమీటర్లు నడచు కారులో ఇది హైదరాబాదు నుండి ఢిల్లీకి పోయి, తిరిగి వచ్చి, మరల ఢిల్లీ చేరుటకు చాలు పెట్రోలు.

అమెరికాలో 1995 నవంబరునుండి కార్ల ఆర్-134ఎను గాలిలోనికి వదలుట చట్టవిరుద్ధము. స్వంత కారు అయినను ఈ నియమము వర్తించును. 2016లో రువాండా దేశపు కిగాలీ నగరమున జరిగిన సవరణ ప్రకారము ప్రపంచ దేశములు ఈ తరగతి గ్యాసుల వాడుకను క్రమముగా తగ్గింపవలసియున్నది. భారతదేశము 2021లో దానిని ఆమోదించినది. మన దేశమున ఈ తగ్గింపు 2032లో ఆరంభమై 2047 నాటికి 85 శాతము కావలెనని నిర్ణయము.

కనుక ఇంటివద్ద పనిచేయువాడు చేయదగిన ఉపాయమిది. ముందుగా కారును గ్యాసు పట్టు యంత్రమున్న వర్కుషాపునకు తీసికొనిపోయి, గ్యాసును సిలిండరులోనికి తీయించుకొనవలెను. తరువాత శీతలీకరణ మీటను ముట్టక కారును ఇంటికి తెచ్చుకొనవచ్చును. కంప్రెసరు బిగిసిపోయి బెల్టు ఆగునట్లున్నచో మాత్రము కారును నడుపరాదు; లాగించుకొని పోవలెను.

విప్పుట, పెట్టుట, నూనె కొలుచుట

ఇంజను చల్లారిన పిదప బ్యాటరీ రుణ ధ్రువపు తీగను విప్పవలెను. బెల్టు ఏ కప్పీమీదుగా ఏ దారిన పోవుచున్నదో కాగితముపై గీసికొనుట మేలు. కంప్రెసరును క్రిందినుండి అందుకొనవలసి వచ్చినచో, కారును జాకీపై మాత్రమే నిలిపి దాని క్రింద దూరుట ప్రాణాపాయము. గట్టి స్టాండులు పెట్టియే దూరవలెను. గొట్టములను విప్పుటకు ముందు కండ్లద్దములు, చేతితొడుగులు ధరింపవలెను. గ్యాసు తీసినను నూనెలో కరిగిన కొంత గ్యాసు మిగిలియుండును. అది కంటిలో పడిన వెంటనే మరిగి, కంటిపొరను గడ్డకట్టించును. దగ్గరలో మంట కూడ నుండరాదు. ఈ గ్యాసు మంటలో విడిపోయి హైడ్రొజను ఫ్లోరైడు అను విషవాయువును పుట్టించును.

గొట్టములను విప్పిన వెంటనే వాని నోళ్ళకు మూతలు పెట్టవలెను. తరువాత పాత కంప్రెసరులోని నూనెను ఒక కొలపాత్రలోనికి వంచి, ఎన్ని మిల్లీలీటర్లో చూచి వ్రాసికొనవలెను. ఇది చాలమంది విడిచిపెట్టు మెట్టు. క్రొత్త కంప్రెసరులో కొన్ని కంపెనీలు చుట్టంతటికి సరిపడు నూనెను పోసి పంపును. కొన్ని అసలు పోయవు. పాత నూనె కొంత కండెన్సరులోను, గొట్టములలోను మిగిలియే యుండును. కనుక లెక్క చూడక పోసినచో నూనె ఎక్కువగును. ఎక్కువైన నూనె గొట్టములలో చేరి చల్లదనమును తగ్గించును. ఒక్కొక్కప్పుడు కంప్రెసరులోనికి ద్రవరూపమున ముద్దగా వచ్చిపడును. ఆవిరిని నొక్కవచ్చును గాని ద్రవమును నొక్కుటకు వీలులేదు. అప్పుడు కవాటములు విరుగును. తక్కువైనచో లోహము లోహముతో రాచుకొనును. తయారుదారు పత్రములో చెప్పిన జాతి నూనెను, చెప్పిన కొలత ప్రకారమే వాడవలెను.

పాత నూనె రంగు కూడ ఒక సాక్ష్యము. అది తేటగా నున్నచో మేలు. నల్లగా నుండి, అందులో వెండివలె మెరయు రజను కనబడినచో, పాత కంప్రెసరు అరిగి ఆ లోహపు పొడిని చుట్టంతట చల్లినదని అర్థము. అప్పుడు క్రొత్త కంప్రెసరును మాత్రము పెట్టుట వృథా. కొలది కాలములోనే ఆ పొడి దానిని కూడ అరుగదీయును. గొట్టములను తగిన ద్రవముతో కడుగవచ్చును. ఎక్స్‌పాన్షన్ వాల్వును మార్చవలెను. సన్నని సమాంతర నాళములుగల కండెన్సరును పూర్తిగా కడుగుట సాధ్యము కాదు. దానిని కూడ మార్చవలసియుండును. ఖర్చు పెరుగునని ఈ మెట్టును దాటవేసినవారు చివరకు రెండు కంప్రెసరుల ధర చెల్లింతురు.

అతుకులలోని రబ్బరు ఓ-రింగులన్నిటిని క్రొత్తవి వేసి, కొంచెము నూనె రాచి, చెప్పిన బలముతోనే బిగింపవలెను. కంప్రెసరు ఇరుసును చేతితో పది చుట్లు త్రిప్పినచో, సిలిండరులో నిలిచిన నూనె బయటికి వచ్చును. డ్రయ్యరును మాత్రము అన్నిటికంటె చివర మార్చవలెను. అందులోని గుళికలు నీటియావిరిని పీల్చుటకే ఉద్దేశింపబడినవి. మూత తీసి గాలిలో నుంచినచో అవి గాలిలోని తేమతోనే నిండిపోవును. పిమ్మట చుట్టులోని తేమను పీల్చుటకు వానికి శక్తియుండదు.

గాలిని, నీటిని వెడలగొట్టుట

ఇప్పుడు చుట్టు నిండ గాలియున్నది. దానిపైననే గ్యాసు నింపినచో ఏమగును? డాల్టను నియమము ప్రకారము మూసిన పాత్రలో ప్రతి వాయువును తన పీడనమును తాను కలుగజేయును. కండెన్సరులో గ్యాసు ద్రవముగా మారును గాని గాలి మారదు. గాలి పీడనము గ్యాసు పీడనమునకు తోడై కంప్రెసరుపై భారము పెరుగును, చల్లదనము తగ్గును. గాలితోపాటు వచ్చు నీటియావిరి ఇంకను ప్రమాదకరము. అది ఎక్స్‌పాన్షన్ వాల్వు సన్నని ద్వారమున మంచుగా గడ్డకట్టి దారిని మూయగలదు. గ్యాసుతోను, నూనెతోను కలిసి ఆమ్లములను పుట్టించి లోహమును తినివేయును.

గాలిని పంపుతో లాగివేయవచ్చును. గొట్టముల గోడలకంటిన తేమను లాగుట ఎట్లు? దీనికి చక్కని ఉపాయము భౌతికశాస్త్రములోనే కలదు. నీటి మరుగు ఉష్ణోగ్రత పీడనముతో తగ్గును. 760 మిల్లీమీటర్ల పాదరస పీడనమున 100 డిగ్రీల వద్ద మరుగు నీరు, 24 మిల్లీమీటర్ల పీడనమున 25 డిగ్రీల వద్దనే మరుగును. వాక్యూము పంపుతో పీడనమును ఒక మిల్లీమీటరుకంటె దిగువకు తగ్గించినచో, లోపలి తేమ నిప్పు లేకుండగనే ఆవిరియై పంపుగుండ వెడలిపోవును. దీనికి కొంత కాలము పట్టును. అరగంటకు తక్కువకాకుండ, తేమగల ఊళ్ళలో గంటకు పైగా పంపును నడుపుట మంచిది.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో సులభముగా చూపవచ్చును. సూది తీసివేసిన సిరంజిలో నాలుగవవంతువరకు బాగుగా వెచ్చనైన, చేయి కాలనంత వేడిగల నీటిని తీసి, గాలి బుడగలను వెడలగొట్టి, మూతిని వ్రేలితో గట్టిగ మూసి, ముషలకమును వెనుకకు లాగినచో నీటిలో బుడగలు లేచి మరుగుట కనబడును.

పంపును ఆపిన తరువాత గేజి ముల్లు కదలక నిలిచినచో అతుకులు సరిగా నున్నవని ఆశింపవచ్చును. కాని ఈ పరీక్షలో బయటినుండి లోపలికి పడు ఒత్తిడి ఒక వాతావరణము మాత్రమే. కారు నడచునపుడు లోపలినుండి బయటికి పడు ఒత్తిడి పదిహేను వాతావరణములకు చేరగలదు. కావున శూన్యము చేయుటకు ముందే పొడి నత్రజనిని తగిన పీడనముతో నింపి, అతుకులపై సబ్బునురుగు పూసి చూచుట నమ్మదగిన పద్ధతి. నత్రజనికి బదులు ప్రాణవాయువును ఎన్నడును వాడరాదు. నూనెతో కలిసిన అది ప్రేలిపోవును.

గ్యాసును తూచి నింపుట

ఎంత గ్యాసు పట్టునో, ఏ జాతి గ్యాసు వాడవలెనో బానెట్టు క్రిందనున్న చీటీపై వ్రాసియుండును. దానిని తూకముతోనే నింపవలెను. గేజి పీడనము పరిమాణమును చెప్పజాలదని ఇదివరకే చూచితిమి. అమెరికాలో ఇంటివారు కొను డబ్బాలో సుమారు 340 గ్రాముల గ్యాసుండును. 2018నుండి, ప్రక్కకు తీసినపుడు తమంతట తామే మూసికొను వాల్వులుగల డబ్బాలనే అచ్చట తయారు చేయవలెనని నియమము. డబ్బాను త్రాసుపై నుంచి, బరువు ఎంత తగ్గినదో చూచుచు నింపుటయే సరియైన విధము.

శూన్యము చేసిన చుట్టులోనికి కొంత గ్యాసు తనంతట తానే పోవును. మిగిలినదానిని ఇంజను నడుపుచు, తక్కువ పీడనపు వైపునుండి మాత్రమే, డబ్బాను నిలువుగా నుంచి, ఆవిరిరూపమున నింపవలెను. డబ్బాను తలక్రిందులు చేసినచో ద్రవమే నేరుగా కంప్రెసరులోనికి పోవును. ఎక్కువ పీడనపు వైపు వాల్వును ఇంజను నడచుచుండగ తెరచినచో ఆ పీడనమంతయు డబ్బాలోనికి వచ్చి, అది ప్రేలవచ్చును. నింపుచుండగ డబ్బా చేతికి చల్లగా తగులుట, దానిపై మంచు పట్టుట చూడవచ్చును. లోపలి ద్రవము ఆవిరియగుచు డబ్బా ఉష్ణమునే తీసికొనుచున్నది. వ్యాసారంభమున చెప్పిన కుండ కథయే ఇది. ప్రవాహము మందగించినచో డబ్బాను గోరువెచ్చని నీటిలో నుంచవచ్చును. 50 డిగ్రీలు దాటనీయరాదు. మంట చూపుట ఏ పరిస్థితిలోను తగదు.

గ్యాసు తక్కువైనచో చల్లదనమును, నూనె ప్రవాహమును తగ్గును. ఎక్కువైనచో కండెన్సరు ద్రవముతో నిండి, పీడనము పెరుగును. కొంచెము ఎక్కువ పోసిన మంచిదను వంటింటి న్యాయము ఇచ్చట పనికిరాదు.

ఇంట చేయదగినది, చేయరానిది

హైబ్రిడ్, విద్యుత్ కార్ల కంప్రెసరులను ఇంటివద్ద తాకరాదు. వానిని నడుపునది బెల్టు కాదు. వందల వోల్టుల విద్యుత్తు. నారింజరంగు తొడుగుగల తీగలు ఆ ప్రమాదమును తెలుపుచున్నవి. వానిలో వాడు నూనె కూడ వేరు. మామూలు కార్ల నూనె విద్యుత్తును కొంత ప్రసరింపజేయును. అది కొంచెము కలిసినను విద్యుద్బంధనము చెడి, అపాయము కలుగవచ్చును. ఇటీవలి కార్లు పెక్కింటిలో ఆర్-1234వైఎఫ్ అను మరియొక గ్యాసున్నది. భూమిని వేడిచేయు గుణము దీనికి మిక్కిలి తక్కువ. కాని ఇది కొంతవరకు మండు స్వభావము గలది. రెండు గ్యాసులను ఒకే చుట్టులో కలుపరాదు.

మామూలు బెల్టు కంప్రెసరుగల కారు విషయమున పనిని ఇట్లు పంచుకొనుట తగును. దోషమును కనుగొనుట, పాతదానిని విప్పుట, నూనె కొలుచుట, ఓ-రింగులను డ్రయ్యరును మార్చుట, క్రొత్తదానిని బిగించుట ఓపికగలవాడు ఇంట చేసికొనవచ్చును. గ్యాసును పట్టుట తప్పక వర్కుషాపు పని. శూన్యము చేయుట, తూచి నింపుట తగిన పంపును, గేజీలును, త్రాసును ఉన్నవాడు చేయగలడు. లేనివాడు వానిని కూడ వర్కుషాపునకే విడుచుట మేలు. ఇట్లు పంచుకొనినను కూలిలో పెద్ద భాగము మిగులును.

వర్కుషాపునకు పంపువారికిని ఈ జ్ఞానము వ్యర్థము కాదు. పాత గ్యాసును సిలిండరులోనికి పట్టినారా, గాలిలోనికి వదలినారా? డ్రయ్యరును మార్చినారా? పంపును ఎంతసేపు నడిపినారు? గ్యాసును తూచి నింపినారా, గేజి చూచి నింపినారా? ఈ నాలుగు ప్రశ్నలను అడుగగల స్వంతదారుని కంప్రెసరు ఎక్కువకాలము మన్నును. అతని కారునుండి గాలిలోనికి పోవు గ్యాసును తగ్గును.